తుష్నాబాద్‌లో వినయపు పోటీలు

తెలుగు క్రైస్తవుల్లో వినయం తగ్గిపోతోందని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. తగ్గడం కాదు, నిల్వలు పేరుకుపోతున్నాయి. ఫ్లెక్సీల మీద వినయం, శుభలేఖల అడుగున వినయం, కొత్త కారు వెనక అద్దం నిండా వినయం. 'అయోగ్యుడనైన నాకు ప్రభువిచ్చిన బహుమానం' అని రాయించుకున్న బండి మన సైకిల్‌ని రాసుకుంటూ దూసుకుపోయినా, లేచి దుమ్ము దులుపుకునేటప్పుడు మనకు కనిపించేది ఆ అయోగ్యతే. ఇంత సరుకున్న చోట పోటీ అంటూ లేకపోవడం అన్యాయం. పాటల పోటీలున్నాయి, కంఠత వాక్యాల పోటీలున్నాయి, బైబిల్ క్విజ్‌లున్నాయి, క్రిస్మస్ నక్షత్రాల పోటీలు కూడా ఉన్నాయి. వినయానికి మాత్రం ఎవరి ప్రైజు వాళ్ళే ఇచ్చుకోవలసి వస్తోంది.

అంచేత పోటీలు పెడదాం. వేదిక తుష్నాబాద్.

దక్షిణ అండమాన్‌లో, ఫెరార్‌గంజ్ తహశీల్లో ఒక పల్లె అది. కొబ్బరి, పోక తోటలు, వాన, వాన వెలిశాక ఇంకో వాన. ఈ ఊరిని ఎంచుకోవడానికి మొదటి కారణం, అక్కడికి చేరేలోగా మనిషి దగ్గర హోదా మిగలదు. పోటీదారులు విమానంలో రాకూడదు. విశాఖపట్నంలో ఓడ ఎక్కాలి, అదీ బంక్ క్లాసులో. రెండు రోజులు దాటేసరికి బంగాళాఖాతం అందరికీ ఒకే రకం ప్రసంగం చేసి పెడుతుంది. వాంతుల బకెట్టు దగ్గర బిషప్పూ, బిషప్పు బ్యాగు మోసే కుర్రాడూ సమానులే. కుర్రాడే కాస్త నయం, వాడికి బ్యాగు మోసిన ఒడుపుంది.

రెండో కారణం, మన సామెతలు అక్కడ చెల్లవు. అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడని ఇక్కడ వెక్కిరిస్తాం. ఏడాదికి మూడు వేల మిల్లీమీటర్ల వాన కురిసే చోట అర్ధరాత్రి గొడుగు పట్టకపోతే అల్పుడూ తడుస్తాడు, అధికుడూ తడుస్తాడు. గొడుగును బట్టి అహంకారిని పోల్చలేం కాబట్టి న్యాయనిర్ణేతలు వేరే గుర్తులు వెతుక్కోవలసి వస్తుంది. అది మంచిదే.

మూడోది భాష. అండమాన్ పల్లెల్లో ఒక టీ బెంచీ మీద కాలాపానీ ఖైదీల మనవలు (వాళ్ళని 'లోకల్ బార్న్' అంటారు), బెంగాలీలు, తమిళులు, మలయాళీలు, రాంచీవాళ్ళు, మన సిక్కోలు, విశాఖవాళ్ళు కలిసే కూర్చుంటారు. 2011 జనాభా లెక్కల్లో ఈ ద్వీపాల్లో నూటికి పదముగ్గురు తెలుగువాళ్ళు, ఇరవై ఒక్కరు క్రైస్తవులు. అందరికీ కలిసే భాష హిందీ. మన ప్రసంగీకుల వినయమంతా తెలుగు సమాసాల్లో ఉంటుంది: దీనదాసుడు, పాదధూళి, మట్టిపురుగు. ఆ సమాసాలు విప్పి, వచ్చీరాని హిందీలో చెప్పమంటే ఎంత మిగులుతుందో చూడాలని నాకు ఎప్పటినుంచో కోరిక.

ఇక విభాగాలు. ఫ్లెక్సీ విభాగం గురించి ఎక్కువ చెప్పను, మీకూ రోడ్లున్నాయి, మీరూ చూస్తున్నారు. 'ప్రభువు చేతిలో చిన్న పనిముట్టు' అని పేరు కింద రాసి ఉంటుంది, పనిముట్టు మాత్రం నలభై అడుగుల ఎత్తుంటుంది. పేరుకు ముందు డాక్టర్, బిషప్, అపొస్తలుడు, పేరుకు వెనక గారు, అయ్యగారు, దైవజనులు. మధ్యలో పేరు ఇరుక్కుని ఊపిరాడక ఉంటుంది. దేవుడి పేరు కూడా ఉంటుంది, ఫ్లెక్సీ కొట్టినవాడి ఫోన్ నంబరుకు కొంచెం పైన. సభకు ప్రవేశ రుసుం ఏమీ ఉండదు, ప్రసంగీకుడికి 'ప్రేమ కానుక' మాత్రమే. ఎంత ప్రేమో ముందే ఫోన్లో చెబుతారు. ఆయన కూర్చునేది పెళ్ళి మండపంలో వధూవరుల కోసం ఉంచే ఎర్ర మఖమల్ సింహాసనం. ఆ సింహాసనం చివర అంచు మీద, వెన్ను ఆన్చకుండా కూర్చుంటారు చూశారా, అదీ తగ్గింపు జీవితం.

అసలు పోటీ సాక్ష్య విభాగంలో. ఇక్కడ పాస్టర్లే కాదు, మనమూ బరిలో ఉన్నాం.

మన ఇళ్ళల్లో జయం ఏదైనా వస్తే కృతజ్ఞతా కూడిక పెడతాం. ఉద్యోగం వచ్చినా, ఇల్లు కట్టినా, అమ్మాయికి వీసా దొరికినా, అబ్బాయికి మెడిసిన్ సీటొచ్చినా షామియానా, వాక్యం, సాక్ష్యం, బిర్యానీ. ద్వీపాల్లోనూ ఇంతే, కాకపోతే అక్కడ జయమంటే సర్కారీ నౌకరీ, లేదా హావ్‌లాక్‌లో నాలుగు గదుల రిసార్టు. సాక్ష్యానికి ఒక వ్యాకరణం ఉంది. మొదటి పది నిమిషాలు పేదరికం. అది మామూలు పేదరికం కాకూడదు, జిల్లాలో మొదటి ర్యాంకు రావాలి. పొయ్యి వెలగని రాత్రులు, అతుకుల నిక్కరు, చుట్టాల ఈసడింపు. ఆ తర్వాత మోకాళ్ళ ప్రార్థన. ఆ మర్నాడు ఫోను మోగుతుంది. అక్కడినుంచి ఇరవై నిమిషాలు జయం: చదరపు అడుగులతో సహా, డాలర్లతో సహా. చివరికి గొంతు వణికి, 'ఇందులో నా గొప్పేమీ లేదండీ, అంతా ఆయనే' అనే ముక్తాయింపు. జనం స్తోత్రం అంటారు. వంటవాడు పెద్ద డేగిసా మూత తీస్తాడు.

ఈ సాక్ష్యంలో ఎవరు లేరో చూడండి. గాజులు తాకట్టు పెట్టిన భార్య లేదు. తమ్ముడు చదవాలని పదో తరగతితో ఆగిపోయిన అక్క లేదు. ఫీజు తేదీ దాటినా పరీక్ష రాయనిచ్చిన హెడ్మాస్టరు లేడు. స్కాలర్‌షిప్పు ఇచ్చిన సర్కారు లేదు, రేషను బియ్యం లేవు. తోటలో పోకచెట్లెక్కి కాయలు దింపిన కూలీలు లేరు, వాళ్ళకి బాకీ పడ్డ రెండు నెలల కూలి అసలే లేదు. ఆకాశంలో దేవుడున్నాడు, వేదిక మీద ఈయనున్నాడు, మధ్యలో ఒక్క మానవుడు లేడు. మహిమంతా దేవుడికే ఇచ్చేశాడని మనం మురిసిపోతాం. దేవుడికి మహిమ ఇవ్వడంలో ఖర్చు లేదు మరి. అక్కకు ఇవ్వాలంటే వాటా ఇవ్వాలి.

ఇలా అనగానే ఒక సహోదరుడు లేస్తాడని నాకు తెలుసు. "అన్నా, దేవుణ్ణి మహిమపరచడం కూడా తప్పేనా?"

తప్పు కాదు తమ్ముడూ. కానీ లూకా సువార్తలో ఆ ఇద్దరి ప్రార్థన మళ్ళీ ఒకసారి చదువు. పరిసయ్యుడు అక్కడ తన భుజం తాను తట్టుకోలేదు. దేవుడికి కృతజ్ఞత చెప్పాడు. వారానికి రెండు ఉపవాసాలు, సంపాదన మొత్తం మీద పదో వంతు, అన్నీ ఆయన సన్నిధిలోనే లెక్క చెప్పాడు. అదంతా కృతజ్ఞతా కూడికే, బిర్యానీ ఒక్కటే తక్కువ. ఆ కథ చెప్పినాయన ఆ కృతజ్ఞతను ఆ గుమ్మం దగ్గరే వదిలేసి, వెనకాల తల దించుకుని నిలబడ్డ సుంకరిని మెచ్చుకున్నాడు. మనం కథ బాగానే అర్థం చేసుకున్నాం. అప్పటినుంచి అందరం సుంకరిలా నిలబడడం సాధన చేసి, ఆ భంగిమలో ఫొటో తీయించుకుని ఫ్లెక్సీ వేయించుకుంటున్నాం.

గర్విష్ఠి మంచివాడంటాను నేను. 'ఇదంతా నేనే చేశాను' అన్నవాణ్ణి పట్టుకుని, ఎలా చేశావు, ఎవరి డబ్బుతో చేశావు, నీకింద పనిచేసినవాళ్ళకి ఏమిచ్చావని అడగొచ్చు. 'ఇదంతా దేవుడే చేశాడు' అన్నవాణ్ణి అడగలేం. అడిగితే దేవుణ్ణి అడిగినట్టు. వినయం ఇంత గట్టి కోట అని తెలిస్తే కాకతీయులు ఓరుగల్లు చుట్టూ రాతిగోడ కట్టేవాళ్ళు కాదు.

ఇది మనం కొత్తగా కనిపెట్టిందేం కాదు. తుష్నాబాద్ చుట్టూ ఉన్న నీళ్ళు దీనికి పాత సాక్షులు. అందుకే మరణానంతర విభాగం ఒకటి పెట్టాను.

మొదటి దరఖాస్తు జేమ్స్ నీల్‌ది. మద్రాసు ఫ్యూజిలియర్స్ దళం తీసుకుని 1857లో అలహాబాదుకూ కాన్పూరుకూ వెళ్ళినవాడు. అలహాబాదు దారి పొడుగునా చెట్లకు మనుషుల్ని వేలాడదీయించాడు. కాన్పూరులో బందీల చేత నేలమీది నెత్తురు నాకించి, ఆ తర్వాత ఉరి వేయించాడు. మనిషి మహా దైవభీతిపరుడు. తన పనిలో దేవుడి వేలు స్పష్టంగా కనిపిస్తోందని ఉత్తరంలో రాసుకున్నాడు. గమనించండి, నా ప్రతాపం అనలేదు. వినయం! అదే ఏడాది సెప్టెంబరులో లక్నోలో పోయాడు. మరో దరఖాస్తు హెన్రీ హావ్‌లాక్‌ది. నీల్ అంత క్రూరుడు కాడు, నికార్సయిన బాప్టిస్టు, శ్రీరాంపూరు మిషనరీ మార్ష్‌మన్‌కి అల్లుడు, తన దళంలోని తెల్ల సైనికుల చేత బైబిలు చదివించినవాడు. ఆయనా ఆ ఏడాది నవంబరులోనే, అక్కడే పోయాడు. 1858 మార్చిలో గాని అండమాన్‌లో ఖైదీల వలస మొదలే కాలేదు. అయినా చెరో ద్వీపం దక్కింది. మద్రాసు మౌంటు రోడ్డులో నీల్ విగ్రహాన్ని తీసేయాలని 1927లో సత్యాగ్రహం జరిగింది, 1937లో రాజాజీ ప్రభుత్వం దాన్ని మ్యూజియంలో పెట్టించింది. ద్వీపం పేరు మాత్రం 2018 డిసెంబరు 30 దాకా ఉంది. ఇప్పుడది షహీద్ ద్వీప్, హావ్‌లాక్ స్వరాజ్ ద్వీప్. పడవ టికెట్టు అడిగేవాళ్ళు ఇంకా హావ్‌లాక్ అనే అంటున్నారు. మన గర్వం మనతో పోతుంది గాని, ఇంకొకరి నోట్లో పడ్డ పేరు పోదు.

2018 దాకా రాస్ అనిపించుకున్న ద్వీపంలో తెల్లదొరల చర్చి శిథిలం ఉంది. పర్యాటకులు గోడల్ని అల్లుకున్న వేళ్ళను ఫొటోలు తీసుకుంటారు. ఆ ద్వీపాన్ని నరికి, చదును చేసి, గోడలు లేపింది సంకెళ్ళ కాళ్ళు. ముందు బెంచీలో మోకరించింది చీఫ్ కమిషనరు. ఆదివారం కృతజ్ఞతాస్తుతుల్లో ఎవరి పనికి ఎవరికి కృతజ్ఞత చెప్పుకున్నారో ఊహించుకోవచ్చు.

తుష్నాబాద్‌కు పెద్దూరు ఫెరార్‌గంజ్. 1923 నుంచి 1931 దాకా చీఫ్ కమిషనరుగా ఉన్న మైకేల్ లాయిడ్ ఫెరార్ పేరు అది. ఆయనకు సీతాకోకచిలుకలు సేకరించే సరదా. మనుషుల్ని సేకరించే బాధ్యత వేరేవాళ్ళకి అప్పగించాడు. 1926లో సంయుక్త రాష్ట్రాల నుంచి భాంతూ కులంవాళ్ళని ఓడల్లో తెచ్చి ఈ చుట్టుపక్కల దించారు. నాటకాల్లో సినిమాల్లో పేరుమోసిన సుల్తానా డాకూ ఆ కులంవాడే. పుట్టుకతోనే నేరస్తులని చట్టం ముద్ర కొట్టిన జనం. వాళ్ళని మంచివాళ్ళుగా మార్చే పనిని సాల్వేషన్ ఆర్మీ నెత్తికెత్తుకుంది.

సాల్వేషన్ ఆర్మీ అనగానే తెలుగువాడికి స్టువర్టుపురం గుర్తు రావాలి. బాపట్ల దగ్గర, 1913–14 ప్రాంతంలో, ఎరుకలవాళ్ళ కోసం అదే సంస్థ నడిపిన సెటిల్‌మెంటు. ఆ ఊరి పేరు కూడా ఒక దొరదే, మద్రాసు గవర్నరు కౌన్సిలు సభ్యుడు హెరాల్డ్ స్టువర్ట్‌ది. అండమాన్‌లో గంజ్, ఆంధ్రలో పురం. నేరస్తులని పిలిపించుకున్నది ఒకళ్ళు, బోర్డు మీద పేరు ఇంకొకళ్ళది. హాజరు వేయించుకోకుండా ఊరు దాటకూడదు, పాసు లేకుండా చుట్టాలింటికి పోకూడదు. చీరాలలో ఐఎల్‌టీడీ పొగాకు కంపెనీకి చవక కూలీలు కావాలి, సెటిల్‌మెంటులో చవక చేతులున్నాయి. ఆ చేతులకు పని దొరకడం రక్షణ అనిపించుకుంది. ఎవరి రక్షణ అని కంపెనీ జమాఖర్చుల పుస్తకం చూస్తే గాని తెలియదు.

ఈ పని మొత్తానికి పెద్ద తలకాయ ఫ్రెడరిక్ బూత్-టక్కర్. నా పోటీలో ఫైనల్‌కు రాదగ్గ మనిషి. వెటకారానికి అనడం లేదు. ఐసీఎస్ ఉద్యోగం వదులుకుని 1882లో బొంబాయిలో సాల్వేషన్ ఆర్మీ జెండా పాతాడు. కోటు విప్పి కాషాయం కట్టాడు. చెప్పులు వదిలేశాడు. ఇంటింటికీ వెళ్ళి అన్నం అడుక్కుని తిన్నాడు. పేరు కూడా ఫకీర్ సింగ్ అని మార్చుకున్నాడు. తన దొరతనాన్ని అంతలా వదులుకున్న తెల్లవాణ్ణి ఈ దేశం ఎక్కువమందిని చూడలేదు. అప్పటికి ఆయన చేతిలో అధికారం లేదు, ఊరేగింపు తీసినందుకు పోలీసులు పట్టుకెళ్ళారు.

తర్వాత జయం వచ్చింది. ప్రభుత్వం అరెస్టులు మాని, సెటిల్‌మెంట్లు అప్పగించింది. గ్రాంట్లు, భూములు, గవర్నర్ల మెప్పు. వేల మంది స్త్రీ పురుషులు పిల్లలు ఆయన సంస్థ హాజరు పట్టీల్లోకి వచ్చారు. అప్పుడు ఫకీరుగారు ఒక పుస్తకం రాశారు. 'క్రిమినోక్యూరాలజీ' దాని పేరు, అంటే నేరస్తుల్ని నయంచేసే శాస్త్రం. అందులో ఈ మనుషుల్ని ముద్దుగా 'క్రిమ్' అన్నారు. భారతదేశపు క్రిమ్‌ని ఏం చెయ్యాలో చెప్పే గ్రంథమది. ఉత్తికాళ్ళతో బిచ్చమెత్తినప్పుడు ఆయనకు అన్నం పెట్టినవాళ్ళలో ఎందరు క్రిములున్నారో ఆ శాస్త్రంలో లేదు.

ఆయన కాషాయం అబద్ధమని నేననను. పేదరికంలో వినయం నిజమే, దాన్ని ఒంటిమీద కట్టుకుని తిరిగాడు. కానీ వినయం ఒంటిమీది బట్టలో ఉంటుందనుకోవడంతో వచ్చింది చిక్కు. ఎదుటివాడు 'నన్నలా పిలవకు' అనగల అవకాశం హాజరు పట్టీలో ఎక్కడుంది? వాడి సంపాదన ఎంతో, వాడి పిల్లలు ఎక్కడ పడుకోవాలో, ఇవాళ రాత్రి వాడు ఊళ్ళో ఉన్నాడో లేడో అన్నీ రాసుకునేవాడు, వాడికంటే తాను అల్పుణ్ణని దేవుడికి చెప్పుకుంటే దేవుడు ఏ గళ్ళో రాసుకోవాలి? నేరజాతుల చట్టం 1952లో రద్దయింది. స్టువర్టుపురం పేరు చెబితే పోలీసు స్టేషనులో కనుబొమ్మ లేవడం దాంతోపాటు రద్దు కాలేదు. ఆ ఊరి పేరు మీద సినిమాలు తీసి డబ్బు చేసుకున్నవాళ్ళు కూడా, విజయోత్సవ సభల్లో, అంతా పైవాడి దయ అనే అన్నారు.

అండమాన్‌లోనే ఇంకో చిత్రం. 1918 నుంచి ఛోటానాగపూర్ నుంచి ఓరాన్, ముండా, ఖరియా కూలీల్ని తెచ్చారు. కేథలిక్ మిషన్ వారి లేబర్ బ్యూరో ద్వారా చాలామంది వచ్చారు. వాళ్ళు అడవి నరికితే రోడ్డయింది, రోడ్డు మీద మనం సభలకు పోతున్నాం. రాంచీవాళ్ళని అంటారు వాళ్ళని, ఇన్ని తరాలైనా ఇంకా రైలు దిగని ప్రయాణికులు అన్నట్టు. జార్ఖండ్‌లో వాళ్ళ చుట్టాలు షెడ్యూల్డు తెగ. ద్వీపాల జాబితాలో ఉన్నవి ఆరే తెగలు, వాటిలో వీళ్ళు లేరు. వీళ్ళు కట్టిన మందిరాల్లో జూబిలీలు జరిగితే శిలాఫలకం మీద ప్రతిష్ఠించినవారి పేరుంటుంది, ప్రారంభించినవారి పేరుంటుంది, విరాళమిచ్చినవారి పేర్లు రూపాయల వరసలో ఉంటాయి. రాయి మోసినవాళ్ళ పేర్లకి రాయి మీద చోటు చాలదు.

అన్నీ చెడ్డ దరఖాస్తులే అనుకోకండి. ఒంగోలు నుంచి ఒకటి వచ్చింది, దాన్ని పట్టుకుని న్యాయనిర్ణేతలు గింజుకుంటున్నారు. మిషనరీ జాన్ క్లౌ దొర. 1876–78 కరవులో మనుషులు పిట్టల్లా రాలిపోతుంటే, బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశాడు. ఆ గుంపులు మాకు బాప్తిస్మం ఇవ్వండని వెంటపడ్డాయి. ఇవాళ్టి మన సేవకులకు అలాంటి అవకాశం వస్తే డ్రోను కెమెరా ఎగరేద్దురు. ఆయన ఇవ్వనన్నాడు. తిండికోసం వచ్చారో దేవుడికోసం వచ్చారో తేలాలంటే ముందు కరవు తీరాలన్నాడు. కరవు తీరాక, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2222 మంది బాప్తిస్మం పొందారు. నీళ్ళలో నిలబడి మునకలిచ్చినవాళ్ళు తెలుగు బోధకులు ఆరుగురు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకుంటూ. జయం చేతికందే వేళ ఏడాదికి పైగా చెయ్యి వెనక్కి లాక్కోవడం అంటే ఏమిటో, వారానికోసారి సబ్‌స్క్రైబర్ల సంఖ్య చూసుకునేవాళ్ళకి అర్థమయ్యేలా చెప్పే భాష నా దగ్గర లేదు.

అయినా ఒక అభ్యంతరం ఉంది. 2222 అన్న అంకె ప్రపంచమంతా తిరిగింది. ఆ అంకెకు పన్నెండేళ్ళ ముందు, తనంతట తాను దేవుణ్ణి వెతుక్కుంటూ వచ్చి 1866లో బాప్తిస్మం పొందిన మాదిగ తోళ్ళ వ్యాపారి యెర్రగుంట్ల పేరయ్య పేరు ఎందరికి తెలుసు? పల్లెపల్లె తిరిగి ఆ జనాన్ని కదిలించినవాడు ఆయన. దొర తన రాతల్లో పేరయ్యను దాచలేదు. దాచింది మనం. మన శతజయంతి సభల్లో దొర ఫొటోకి దండ పడుతుంది, పేరయ్యకు 'తదితరులు' పడుతుంది.

ఇక్కడే కార్ నికోబార్ ముచ్చట ఒకటి చెప్పాలి. జాన్ రిచర్డ్‌సన్ ముస్ ఊరివాడు. మాండలేలో చదువుకున్నాడు, నికోబారీ భాషలోకి కొత్త నిబంధన తెచ్చాడు, జపాన్ సైన్యం చెరలో చావు అంచుదాకా వెళ్ళి బతికాడు. 1950లో బిషప్పు. 1952లో మొదటి లోక్‌సభకు రాష్ట్రపతి నామినేట్ చేసిన సభ్యుడు. తర్వాత పద్మశ్రీ, ఆపైన పద్మభూషణ్. ఇన్ని బిరుదుల్లో ఏ ఒక్కటి దొరికినా మనవాళ్ళు జాతీయ రహదారికి అడ్డంగా ఆర్చి కట్టేస్తారు. కానీ ఆయన కథను ఆయన పేరుతో మొదలుపెట్టడం కుదరదు. అంతకు ముందే ఆ దీవిలో బడి పెట్టి, ఆ పిల్లవాణ్ణి చదువుకు పంపిన తమిళ ఉపదేశి వేదప్పన్ సాలమన్‌తో మొదలుపెట్టాలి. ఎవరు చెప్పినా అలాగే చెబుతారు. దేవుడికీ రిచర్డ్‌సన్‌కూ మధ్య ఒక మనిషి నిలబడి ఉన్నాడు, పేరుతో సహా.

హైదరాబాదులో సువార్తికుడు భక్త్ సింగ్ 2000 సెప్టెంబరులో పోయేదాకా ఉత్త బ్రదర్‌గానే ఉన్నాడు. దేశమంతటా వందల సంఘాలు లేచినా రెవరెండ్ అనిపించుకోలేదు, వేదికెక్కి డబ్బు అడగలేదు. ఆయన మాదిరిని మనవాళ్ళు తు.చ. తప్పక పాటిస్తున్నారు. వాళ్ళూ డబ్బు అడగరు. తెర కింద క్యూఆర్ కోడ్ అడుగుతుంది.

పోటీ నిబంధనలు రాసే పని చాలా తంటా తెచ్చింది. గొంతు వణుకుకు మార్కులు వేద్దామంటే అందరికీ నూటికి నూరు వస్తున్నాయి. కన్నీళ్ళకు వేద్దామంటే కీబోర్డు వాయించే కుర్రాడి సహకారాన్ని ఎలా మినహాయించాలో తెలియలేదు. కాళ్ళు కడిగే పోటీ పెడదామంటే, ఎవరి కాళ్ళు కడగాలో ముందే ఎంచి, శుభ్రంగా కడుక్కుని రమ్మని కబురు పెడుతున్నారు. చివరికి అన్నీ కొట్టేసి ఒక్క నిబంధనే ఉంచాం. సాక్ష్యం అయ్యాక, డేగిసా మూత తీయకముందు, ఊళ్ళో ఎవరైనా లేచి ప్రశ్నలు వెయ్యొచ్చు. పోటీదారు నిలబడి జవాబు చెప్పాలి. జవాబులో దేవుడి పేరు ఎత్తకూడదు.

ఇది నాస్తికుల నిబంధన అని అప్పుడే గోల మొదలైంది. కాదండీ, మోషే నాటిది. ఆయన పేరును ఊరికే ఎత్తొద్దని పది ఆజ్ఞల్లో ఉంది. ఆ ఆజ్ఞ ఒట్లు పెట్టేవాళ్ళ కోసం, బూతులు తిట్టేవాళ్ళ కోసం అని ఇన్నాళ్ళూ ఆదివారపు బడి పిల్లలకి నేర్పాం. తిట్టేవాడి నోట్లో ఆ పేరు ఒక్క క్షణం ఉంటుంది. జవాబు ఎగ్గొట్టేవాడి నోట్లో పట్టాభిషేకం చేసుకుని ఉంటుంది.

న్యాయనిర్ణేతలుగా మెయిన్‌ల్యాండ్ నుంచి ఎవరినీ పిలవడం లేదు. మందిరం ఊడ్చే ఆవిడ, మైక్‌సెట్టు కుర్రాడు, డేగిసాలు తోమే ఇద్దరు, పోకచెట్లెక్కే ఒక రాంచీ ముసలాయన. ప్రశ్నలు వాళ్ళవే, హిందీలో. కొన్ని ఇప్పటికే రాయించి పెట్టారు. మైక్‌సెట్టు బాడుగ కిందటేడు సభలది ఎప్పుడిస్తారు? ఇంటి శ్లాబు వేసిన నాడు మేస్త్రీకి జ్వరమొస్తే కూలి కోత పెట్టింది ఎవరు? అక్కకు నాన్న ఆస్తిలో ఏమొచ్చింది, ఆమె సంతకం ఎప్పుడు తీసుకున్నారు? కానుకల పెట్టె తాళం ఎవరింట్లో ఉంటుంది, లెక్కపెట్టేటప్పుడు పక్కన ఎవరుంటారు?

ఊడ్చే ఆవిడ తనదొక్కటే చాలంది. మందిరం స్థలం కాగితాలు ఎవరి పేరు మీద ఉన్నాయి?